సున్నాలో చుక్క

మా అన్నయ్యని ఊళ్ళో అందరూ పెద్దక్షరం అనేవాళ్ళు. నన్ను చిన్నక్షరం అనేవాళ్ళు.

మేమిద్దరం బోర్డులు రాసేవాళ్ళం. కొట్ల మీద, ఆసుపత్రుల మీద, లారీల వెనకాల, గోడల మీద. పైన కొట్టు పేరు మూడడుగుల ఎత్తున అన్నయ్య రాసేవాడు. కింద చిరునామా, ఫోను నంబరు నేను రాసేవాణ్ణి. రోడ్డున పోయేవాళ్ళు తలెత్తి "అబ్బ, ఏం రాశాడయ్యా" అనేది పై అక్షరాన్ని చూసే. నంబరుని ఎవడు మెచ్చుకుంటాడు? కావలసినవాడు రాసుకుని పోతాడు, అంతే.

నేను బడికి వెళ్ళింది మూడేళ్ళు. చదవమంటే ఇప్పటికీ కూడబలుక్కోవాలి. అంకెల దగ్గర మాత్రం నన్ను ఎవరూ పట్టుకోలేరు. నలభై ఆరేళ్ళలో ఒక్క నంబరు తప్పు రాయలేదు. అయినా అన్నయ్య ఒక్కనాడూ "బాగా రాశావురా" అన్న పాపాన పోలేదు. బోర్డు పూర్తయ్యాక రెండడుగులు వెనక్కి జరిగి, కళ్ళు చికిలించి, పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చేవాడు. నా నంబరు దాకా వచ్చాక "ఆఁ" అనేవాడు. ఆ "ఆఁ" తోనే సరిపెట్టుకుని బతికాను.

దాచుకోవడం ఎందుకు, నాకు కుళ్ళు ఉండేది. ఆ కుళ్ళుతోనే ఒక దొంగపని మొదలుపెట్టాను. నంబరులో సున్నా వస్తే, దాని నడిమధ్యలో కుంచె కొసతో ఆవగింజంత చుక్క పెట్టేవాణ్ణి. వెనక రంగు కంటే ఒక్క పిసరు ముదురు రంగుతో. ముక్కు ఆనించి చూస్తే తప్ప కనపడదు. నంబరులో సున్నా లేకపోతే చిరునామాలో ఏదో ఒక అక్షరం పక్కన సున్నా దొరికేది, దాంట్లో పెట్టేవాణ్ణి. ఇది నేను రాసింది అని నాకు తెలిస్తే చాలు. ఇంకెవరికీ తెలియదనుకున్నాను.

తరవాత ఫ్లెక్సులు వచ్చాయి, మా పని పోయింది. పని పోయినందుకు అంత బాధ లేదు. పోగొట్టినవాణ్ణే అన్నయ్య అల్లుడిగా తెచ్చుకున్నాడు, అదీ నా బాధ. ఆయనకి ఒక్కతే కూతురు. ఆ పిల్ల ఫ్లెక్సులు ప్రింటు వేసే అబ్బాయిని ఇష్టపడింది. అన్నయ్య సరే అన్నాడు. సరే అనడమే కాదు, మా వర్క్‌షాపులో, మేము బోర్డులు ఆరబెట్టుకునే చోట, అల్లుడి మిషను పెట్టించాడు. ఆ వర్క్‌షాపు మా ఇద్దరి పేరు మీదా ఉంది. నన్ను అడిగాడు, కాదనలేదు. కాదంటే నాకు కుళ్ళు అనుకుంటారని కాదనలేదు.

మిషను మొదటి బ్యానరుని బయటికి తోసిన రోజు నాకు బాగా గుర్తు. అన్నయ్య దాని మీద అరచెయ్యి పెట్టి పిల్లి వీపు నిమిరినట్టు నిమిరాడు.

"ఎంత నున్నగా ఉందిరా అక్షరం! భేష్ నాయనా" అన్నాడు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. మిషనుకి భేష్ అన్నాడు. నాకు అనలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి అన్నం దగ్గర కంచం పక్కకి నెట్టేశాను. మా ఆవిడ ఒకసారి నా మొహం చూసి, "మీకు కోపం అల్లుడి మీదా, ఆయన మిషను మీదా?" అని అడిగింది.

"రెండూ ఒకటే."

"అయితే రెండిటికీ కలిపి ఒకటే కంచం వదిలెయ్యండి, రెండోపూట మాత్రం తినండి" అంది. ఆవిడకి అన్నీ నవ్వులాటే.

వదిన పోయిన రెండేళ్ళకి అన్నయ్యకి మతిమరుపు మొదలైంది. మొదట్లో మేం పట్టించుకోలేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషికి కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో గుర్తుండకపోతే అదేం వింత? కానీ ఒకరోజు టీ గ్లాసులో కుంచె కడుక్కున్నాడు. ఇంకోరోజు పొయ్యి వెలిగించి, గిన్నె పెట్టకుండా దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ తరవాత ఒక మధ్యాహ్నం వదినకి మందు తెస్తానని బయటికి వెళ్ళి, ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందట మూసేసిన మందుల కొట్టు ముందు నిలబడి ఉంటే అల్లుడు వెతికి తీసుకొచ్చాడు. ఆ కొట్టు బోర్డు అన్నయ్య రాసిందే.

డాక్టరు తల స్కాను తీయించి, గడియారం బొమ్మ గీయించి, డిమెన్షియా అన్నాడు. తగ్గేది కాదట, మెల్లగా ముదిరేదట. "పొద్దున పూట బాగానే ఉంటారు, సాయంత్రమయ్యేకొద్దీ తికమకపడతారు. బ్యాంకు పనులు, కాగితాల పనులు ఏమన్నా ఉంటే ఇప్పుడే చూసుకోండి. తరవాత చూద్దాంలే అనుకోకండి" అని రెండుసార్లు చెప్పాడు.

పగలు ఆయన్ని చూసుకోవడానికి ఒక ఆయాని పెట్టారు. అమ్మాయి ఉద్యోగానికి వెళ్ళాలి, అల్లుడు ఇంటి కిందే ఉన్న వర్క్‌షాపులో మిషను దగ్గర ఉండాలి. ఆయా జీతం అల్లుడే ఇస్తున్నాడు. అదీ నాకు నచ్చలేదు. మా అన్నయ్య డబ్బు బ్యాంకులో డిపాజిట్టు ఉండగా అల్లుడు ఎవడు ఇవ్వడానికి? పోనీ నేనిద్దామంటే నా దగ్గర లేదు. అందుకని ఇంకా మండింది.

"ఆ డిపాజిట్టు తీయిద్దాం అమ్మా. నేను తీసుకెళ్తాను నాన్నని" అన్నాను మా అమ్మాయితో. అన్న కూతురైనా నేను అమ్మాయనే అంటాను.

"నువ్వొక్కడివే ఎందుకు బాబాయ్, ఆయన్ని కూడా తీసుకెళ్ళు" అంది.

ఆయన అంటే ఎవరో మీకు తెలుసు. నేను తీసుకెళ్ళలేదు.

బ్యాంకులో కళ్ళజోడు పెట్టుకున్న ఆఫీసరమ్మ ఫారం ఇచ్చి, ఇక్కడ సంతకం పెట్టండి పెద్దాయనా అంది. అన్నయ్య పెన్ను తీసుకోలేదు. ఫారం తిప్పి చూశాడు. బొటనవేలు, చూపుడువేలు చాచి అడ్డంగా కొలిచాడు.

"బోర్డు ఎన్నడుగులు?" అన్నాడు.

"బోర్డు కాదన్నయ్యా, ఫారం. సంతకం పెట్టు."

"రంగేది?"

వెనక లైనులో ఉన్న కుర్రాడొకడు ఫోనులోంచి తలెత్తి చూశాడు. నాకు తల తీసేసినట్టయింది. చేతిలో పెన్ను పెట్టాను. అన్నయ్య నాలుగు ఫారాల మీద నాలుగు సంతకాలు పెట్టాడు. ఒకటి గీత దాటి కిందికి జారింది. ఒకదాంట్లో ఒక అక్షరం రెండుసార్లు వచ్చింది. మూడోది వదిన పేరు. నాలుగోది సగంలో ఆపేసి, "ఆరనీ, రెండో కోటింగ్ రేపు వేద్దాం" అన్నాడు.

ఆఫీసరమ్మ ఒక్కమాట కూడా విసుక్కోలేదు. సంతకం కార్డుతో కలవడం లేదు, డాక్టరు ఉత్తరం పట్టుకుని వకీలుని కలవండి, ఆయన తరపున ఎవరు సంతకం పెట్టాలో కాగితం రాయించుకురండి అంది. బయటికి వస్తూ ఒక ఖాళీ ఫారం జేబులో పెట్టుకున్నాను.

ఇక్కడినుంచి చెప్పేది నాకు గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. అయినా చెప్తాను.

మా అన్నయ్య చేతిరాత నేను రాయగలను. నలభై ఆరేళ్ళు ఆయన గీసిన అక్షరాల్లో రంగు నింపాను. ఎక్కడ కుంచె ఆగుతుందో, ఎక్కడ తిరుగుతుందో, ఎక్కడ ఊపిరి బిగబడతాడో నాకు తెలుసు. మర్నాడు పొద్దున్నే టీ తాగి, కిటికీ పక్కన బల్ల వేసుకుని, పాత పేపరు మీద ముప్పైసార్లు రాశాను. తరవాత ఫారం మీద ఒక్కసారి రాశాను.

ఎందుకు రాశావని అడిగితే, అన్నయ్యని మళ్ళీ జనం ముందు నవ్వులపాలు చెయ్యడం ఇష్టం లేక అని చెప్పాను తరవాత అందరికీ. అందులో కొంత నిజం ఉంది. మిగతా నిజం ఏంటంటే, రాస్తున్నప్పుడు నాకు చాలా సుఖంగా ఉంది. మొదటిసారి పెద్దక్షరం నేను రాస్తున్నాను. అల్లుడి మిషను ఎన్ని రంగులు కక్కినా ఈ పని చెయ్యలేదు అనుకున్నాను.

మా ఆవిడ గుమ్మంలోంచి చూసింది. "ఏం రాస్తున్నారు?"

"లెక్కలు."

"మీరు లెక్కలు రాసేటప్పుడు నాలుక బయటపెట్టరు. బోర్డు రాసేటప్పుడే పెడతారు" అని వెళ్ళిపోయింది.

రెండోసారి ఒక్కణ్ణే వెళ్ళాను. అన్నయ్యకి ఒంట్లో బాగాలేదు, ఇంటి దగ్గరే సంతకం పెట్టించుకొచ్చాను అన్నాను. ఆఫీసరమ్మ ఫారం చూసింది. కంప్యూటరులో కార్డు చూసింది. మళ్ళీ ఫారం చూసింది. తరవాత తెర నా వైపు తిప్పింది.

"ఈ కార్డు మీద సంతకం ఇరవై రెండేళ్ళ కిందటిది. మీరు తెచ్చింది అచ్చు గుద్దినట్టు ఇలాగే ఉంది."

"ఉంటుంది కదమ్మా. ఆయనదే కదా."

"పోయిన వారం ఆయన నా ఎదురుగా కూర్చుని నాలుగు రకాలుగా పెట్టారు. వారంలో ఇరవై రెండేళ్ళు వయసు తగ్గారా?"

ఆవిడ ఫారాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. అన్నయ్య పేరులో రెండో అక్షరం పక్కన సున్నా ఉంది. దాని మీద గోరు పెట్టి చూపించింది.

"ఈ సున్నాలో చుక్కేంటండీ? కార్డు మీద లేదే?"

వంగి చూశాను. నిజమే, ఉంది. నడిమధ్యలో, ఆవగింజంత. నేను పెట్టినట్టు నాకే తెలియదు. నా చెయ్యి పెట్టేసింది. ఒళ్ళంతా చెమట పట్టింది.

"మీరు మంచి మనసుతోనే చేసుండొచ్చు" అందావిడ గొంతు తగ్గించి. "కానీ దీన్ని దొంగ సంతకం అంటారు. ఇది నేను పైకి పంపిస్తే మీ అన్నగారి ఖాతా మొత్తం ఆపేస్తారు. ఆయన మందులకి కూడా డబ్బు రాదు. ఇంకెప్పుడూ ఈ పని చెయ్యకండి." ఫారం మీద అడ్డంగా రెండు గీతలు కొట్టింది. అంతటితో ఆగితే బాగుండేది. ఖాతాలో రాసి ఉన్న నంబరుకి, అంటే అమ్మాయికి, నా ముందే ఫోను చేసింది.

సాయంత్రం నన్ను పిలిచారు. వెళ్ళేసరికి అన్నయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మెడ చుట్టూ తువ్వాలు. అల్లుడు ఆయనకి గడ్డం గీస్తున్నాడు. అన్నయ్య చుబుకం పైకెత్తి, కళ్ళు మూసుకుని, చిన్నపిల్లాడిలా గీయించుకుంటున్నాడు. నేను ఒకసారి గీస్తానంటే నా చెయ్యి తోసేశాడు, రెండు నెలల కిందట.

అమ్మాయి అరవలేదు. అరిస్తే నేనూ అరిచేవాణ్ణి. "ఎందుకు బాబాయ్ అలా చేశావు?" అంది. అంతే.

"మీ నాన్న పరువు కోసం."

"పరువు కోసం జైలుకెళ్తావా?"

అల్లుడు కత్తి నీళ్ళలో ముంచుతూ, "చిన్నమామయ్య తొందరపడ్డారంతే. ఆయన మన కోసమే కదా తిరుగుతున్నారు. వదిలెయ్యి" అన్నాడు.

చూశారా. నన్ను వెనకేసుకొచ్చాడు. పట్టుకుని తిట్టినా ఇంత మండేది కాదు.

"నా తరపున నువ్వేం మాట్లాడక్కర్లేదు బాబూ. నోరు నాకూ ఉంది" అన్నాను.

అన్నయ్య కళ్ళు తెరిచి నన్ను చూసి, "ఎవరండీ మీరు? కూర్చోండి" అన్నాడు. సాయంత్రం కదా.

వారం తిరక్కుండా అమ్మాయి వకీలుని చూసింది. ఆడమనిషే, యాభై ఏళ్ళుంటాయి. మెట్లెక్కి వెళ్ళాలి, రెండో అంతస్తు. ఆఫీసంతా ఫైళ్ళు, ఒక కూజా, గదికీ వరండాకీ మధ్య గాజు తలుపు. డాక్టరు ఉత్తరం చూసి, అన్నయ్యని పొద్దున పదిగంటలకే తీసుకురమ్మంది, ఒకసారి కాదు, రెండు వేర్వేరు రోజులు. రెండుసార్లూ ఒకే జవాబు చెప్తేనే కాగితం రాస్తానంది.

మొదటిరోజు మా అందరినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. "ఈ కాగితం రాసిస్తే ఆయన తరపున సంతకం పెట్టే హక్కు ఇంకొకరికి వస్తుంది. కానీ ఇచ్చే మనిషి తెలిసి ఇవ్వాలి. ఇవాళ ఆయనకి తెలుస్తోంది. ఇంకో ఆర్నెల్లకి తెలియకపోవచ్చు. అప్పుడు మీరు కోర్టు చుట్టూ తిరిగి గార్డియన్‌ని వేయించుకోవాలి. ఈ కాగితం రేపు ఆయన మతి పూర్తిగా తప్పాక కూడా పనిచెయ్యాలంటే, దీన్ని మామూలు పవరాఫ్ అటార్నీలా కాకుండా, ఆస్తి ఆయన కోసమే వాడే ట్రస్టుగా రాయాలి. నేను రాస్తాను. ఎవరికివ్వాలన్నది మాత్రం ఆయన చెప్పాలి. మీరు కాదు."

"అమ్మాయి పేరు రాస్తే సరిపోతుందిగా" అంది మా ఆవిడ.

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "నాన్న మందులూ, డాక్టర్లూ నేను చూసుకుంటున్నాను పిన్నీ. డబ్బు సంగతి కూడా నా నెత్తిన వేసుకోలేను. ఇద్దరిలో ఎవరైనా నాకు సరే. బాబాయ్ అయినా, ఆయనైనా."

ఇద్దరు. నేనూ, ఫ్లెక్సూ.

"నేను సొంత తమ్ముణ్ణి. నలభై ఆరేళ్ళు ఆయన పక్కన నిలబడ్డాను. ఇంక అడిగేదేముంది?" అన్నాను.

వకీలమ్మ నా వైపు తిరిగింది. "ఒకటి అడుగుతాను చెప్పండి. వర్క్‌షాపు మీ ఇద్దరి పేరు మీదా ఉంది. రేపు మీ అన్నగారి వైద్యానికి ఆయన వాటా అమ్మాల్సి వస్తే ఎవరు కొంటారు?"

"బయటివాళ్ళకి ఎందుకు? నేనే కొంటాను."

"అమ్మేవారి తరపున సంతకం ఎవరు పెడతారు?"

"నేనే..." అని ఆగిపోయాను.

"అదీ సంగతి. అమ్మే చెయ్యీ కొనే చెయ్యీ ఒకటే అవుతుంది. మీరు ఎంత మంచివారైనా రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తారు. మీకు అరవై తొమ్మిదేళ్ళు కూడాను." అర్థమైంది నాకు. అర్థమైనా ఒప్పుకోబుద్ధి కాలేదు.

అందరినీ బయటికి పంపేసి, అన్నయ్యని ఒక్కణ్ణే లోపల ఉంచుకుంది. మేము వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. నేను ఈ చివర, అల్లుడు ఆ చివర, మధ్యలో ఆడవాళ్ళు. గాజులోంచి అన్నయ్య వీపు కనిపిస్తోంది. తెల్లచొక్కా, ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. అల్లుడు ఇస్త్రీ చేసుంటాడు.

"మామయ్యా, నీళ్ళు తాగుతారా?" అన్నాడు వాడు.

"దాహం లేదు." నిజానికి ఉంది.

"ఆయన మీ పేరే చెప్తారులెండి" అన్నాడు.

ఆ మాట నిజంగా అన్నాడో, నన్ను బుజ్జగించడానికి అన్నాడో నాకు తెలియదు. అలా అన్నందుకు వాడి మీద ఇంకాస్త అసహ్యం పెరిగింది. మనిషి చెడ్డవాడైతే ఎంత బాగుండు. వాడిలో ఎక్కడ వెతికినా ఒక్క వంక దొరకదు.

రెండోరోజు కూడా అలాగే అయ్యింది. అరగంట తరవాత వకీలమ్మ తలుపు తీసి మమ్మల్ని లోపలికి రమ్మంది. "రెండుసార్లూ ఒకే మాట చెప్పారు. మీ ముందు కూడా తనే చెప్తానన్నారు. చెప్పండి పెద్దాయనా."

అన్నయ్య ఆ పొద్దున చాలా తేటగా ఉన్నాడు. నా వైపు చూసి, "కూర్చోరా చిన్నోడా, నిలబడ్డావెందుకు" అన్నాడు. ఆ పిలుపు విని ఎన్ని నెలలైందో. ఇంక నా పేరే చెప్తాడనుకున్నాను.

"డబ్బు సంగతి అల్లుడు చూస్తాడు" అన్నాడు.

"తమ్ముడు ఎందుకు వద్దో వారికి కూడా చెప్తారా?" అని అడిగింది వకీలమ్మ.

"వీడికి నా చేతిరాత వచ్చమ్మా. అల్లుడికి రాదు. అల్లుడు నా తరపున సంతకం పెట్టాలంటే వాడి పేరే రాసుకోవాలి. వీడు అలా కాదు. వీడికిస్తే నా పేరే రాసేస్తాడు. ఎవడు రాశాడో ఎవరికీ తెలియదు." కాస్త ఆగి, వేలు గాలిలో గుండ్రంగా తిప్పి, మధ్యలో పొడిచాడు. "సున్నాలో చుక్క పెడతాడు, అది చూసి నాకు మాత్రం తెలుస్తుంది. రేపు నేను కూడా మర్చిపోతాను కదా."

బ్యాంకు సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను అమ్మాయి వైపు చూస్తే తను కూడా తెల్లబోయి చూస్తోంది.

"చుక్క సంగతి నీకెప్పుడు తెలుసు?" అన్నాను.

"మొదటి బోర్డు నుంచి తెలుసు. నేను ముక్కు ఆనించి చూడనట్రా నీ రాత?"

వకీలమ్మకి ఇదేమీ అర్థం కాలేదు కానీ ఓపికగా ఆగింది. తరవాత, "అల్లుడుగారు ఖర్చు పెట్టినదానికి మూడు నెలలకోసారి లెక్క ఎవరికైనా చూపించాలి. ఎవరికి?" అని అడిగింది.

"చిన్నోడికి. అంకెలు వాడికి తప్పిపోవు."

కాగితాలు టైపు చేసి తెచ్చేసరికి పన్నెండు కావస్తోంది. వకీలమ్మ త్వరపెట్టింది. అన్నయ్య మొహంలో అప్పుడే మబ్బు కమ్ముతోంది. పైన పెద్దగా అన్నయ్య పేరు, దాని కింద అల్లుడి పేరు. ఆఖరి పేజీలో, అన్నిటికంటే అడుగున, లెక్క చూసే మనిషి పేరు, ఫోను నంబరు చేత్తో రాయాలట. ఎప్పటిలాగే నాకు మిగిలింది అడుగు జాగా. రాశాను. నా నంబరులో ఒక సున్నా ఉంది. చుక్క పెట్టబోయి ఆగిపోయాను. బ్యాంకులో పట్టిన చెమట గుర్తొచ్చింది.

"అదనపు గుర్తులేమీ వద్దండీ, కాగితం చెల్లదు" అంది వకీలమ్మ, నా చెయ్యి ఆగడం చూసి.

అన్నయ్య ముందు కాగితం పెట్టారు. ఆయన సంతకం చెయ్యలేదు. పైనుంచి కిందికి, కళ్ళు చికిలించి, చూసుకుంటూ వచ్చాడు. అడుగుకి వచ్చాక కాగితం ముక్కు దాకా ఎత్తుకున్నాడు.

"ఇది వీడు రాసింది కాదు" అన్నాడు.

"మీ ముందే రాశారు కదండీ!"

"కాదమ్మా. చుక్క లేదు. ఎవడో రాశాడు. నేను పెట్టను." పెన్ను బల్ల మీద పడేశాడు.

అమ్మాయి బతిమాలింది. మా ఆవిడ బతిమాలింది. గడియారం పన్నెండు దాటింది. చివరికి వకీలమ్మ నుదురు రుద్దుకుంటూ, "ఆ చుక్క పెట్టండి స్వామీ, పెట్టి పక్కన మీ పొడి సంతకం చెయ్యండి" అంది నాతో. పెట్టాను, నడిమధ్యలో, ఆవగింజంత. అన్నయ్య మళ్ళీ ఎత్తి చూశాడు.

"ఆఁ" అన్నాడు.

సంతకం చేశాడు, వేలిముద్ర కూడా వేశాడు. సాక్షులుగా వకీలమ్మ గుమాస్తా, పక్క ఆఫీసాయన సంతకాలు పెట్టారు.

మెట్లు దిగేటప్పుడు అన్నయ్యకి ఆసరా ఇద్దామని ముందుకెళ్ళాను. ఆయన అప్పటికే అల్లుడి భుజం పట్టుకున్నాడు. నేను వెనక దిగుతున్నాను. మలుపు దగ్గర ఆగి, అల్లుడి చెవి దగ్గర నోరు పెట్టి, "మన వెనక వస్తున్న పెద్దమనిషి ఎవరు నాయనా?" అని అడిగాడు.

"మీ తమ్ముడు మామయ్యా."

"అలాగా. బాగా రాస్తాడు" అన్నాడు అన్నయ్య.

నలభై ఆరేళ్ళు ఎదురుచూసిన మాట. అన్నాడు చివరికి. వాడి చెవిలో అన్నాడు.

అల్లుడు వెనక్కి తిరిగి, "విన్నారా మామయ్యా?" అన్నట్టు నవ్వాడు. నేను విననట్టు రెయిలింగు పట్టుకుని మెట్లు చూసుకుంటూ దిగాను.

ఇప్పటికి అయిదుసార్లు లెక్కలు తెచ్చి చూపించాడు. బిల్లులన్నీ వరసగా గుచ్చి, అన్నయ్య డబ్బు వేరే ఖాతాలో, తన డబ్బు వేరే ఖాతాలో. ఆయా జీతం, మందులు, డాక్టరు ఫీజు, పెద్దసైజు చెప్పులు ఒక జత. నేను కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అంకె మీద వేలు పెట్టి రెండుసార్లు కూడతాను. వాడు ఎదురుగా కూర్చుని మా ఆవిడ ఇచ్చిన టీ తాగుతూ ఉంటాడు. ఎక్కడైనా ఒక్క తప్పు దొరుకుతుందేమోనని వెతుకుతాను. ఒక్కటంటే ఒక్కటి. ఇంతవరకూ దొరకలేదు. పేజీ చివర సంతకం పెట్టి ఇచ్చేస్తాను.

వాడు వెళ్ళాక మా ఆవిడ, "సరిపోయాయా?" అని అడుగుతుంది.

"సరిపోయాయి" అంటాను. అన్నం మాత్రం ఆ పూట సయించదు.